టక్ టక్... ఎవరది?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు.

నిజామాబాద్‌లోని ఓ లాడ్జీ గడియకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఆరింటికి టక్ టక్. ‘‘సార్, చాయ్ తేవాల్నా?’’

ఏడింటికి టక్ టక్. ‘‘సార్, దుప్పటి మార్వాల్నా?’’ సారు ఇంకా దానికిందే ఉన్నాడు.

ఎనిమిదింటికి ‘డిస్టర్బ్ చేయవద్దు’ బోర్డు తగిలించాడు.

ఎనిమిదీ అయిదుకు టక్ టక్. ‘‘సార్, గీ బోర్డు మీరే పెట్టిన్రా?’’

తొమ్మిదింటికి తట్టడం మానేశారు. రెండో తాళంచెవితో నేరుగా లోపలికే వచ్చేశారు. సారు తువ్వాలుతో ఉన్నాడు. ‘‘ఫికర్ జెయ్యకుండ్రి సార్, మేం జూస్తలేం!’’

ఆధార్ జిరాక్స్ మాత్రం కౌంటర్‌లో భద్రం. దాని వెనకాలే చాయ్‌ల లెక్క రాసుకున్నారు.

పక్కనే బోధన్‌లో ఇంకో తలుపుంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో తాళం పడింది. బోర్డు పెట్టకున్నా ఆ తలుపును ఎవరూ డిస్టర్బ్ చేయరు. ఓట్లప్పుడు నాయకులు తట్టిపోతారు, అంతే.

ఈ లాడ్జీ పిలగాణ్ణి ఒక్కరోజు అక్కడ డ్యూటీకి వేస్తే పోలా? వద్దన్నా తెరుస్తాడు!