వెయ్యినూటపదహార్లు

ఆర్కెస్ట్రా అంటే పాటలే అనుకుంటారు జనం. పాటలు ఆఖరున వచ్చే సంగతి. ముందు డేట్లు, అడ్వాన్సులు, డీజిలు, దోమలు. వినాయక చవితి ఇంకా నెల ఉందనగానే మా మాస్టారు గోడ మీది క్యాలెండరు దించి నేల మీద పరిచేవారు. తుని ఏ రాత్రి, పాలకొల్లు ఏ రాత్రి, మధ్యలో అనకాపల్లి వాళ్ళు పట్టుపడితే ఎక్కడ ఇరికించాలి అని పెన్సిలుతో రాయడం, రబ్బరుతో చెరపడం. రాజమండ్రిలో కూర్చుని గీస్తే దారులన్నీ దగ్గరగానే ఉంటాయి. అర్ధరాత్రి ఆఖరి పాట పాడి, వైర్లు చుట్టి, ఏ కల్యాణ మంటపంలోనో నాలుగు గంటలు నడుం వాల్చి, మర్నాడు మధ్యాహ్నానికి ఇంకో పందిట్లో అవే వైర్లు పరిచేటప్పుడు తెలుస్తుంది అసలు దూరం.

కమిటీ వాళ్ళతో మాస్టారు తెల్లకాగితం మీద ఒప్పందం రాయించుకునేవారు. అందులో మొదటి షరతు డబ్బు గురించి కాదు. ‘పాడే అమ్మాయిలకు లోపల గడియ ఉన్న గది.’ ఆ ఒక్క వాక్యం వెనక ఎన్ని ఊళ్ళ అనుభవం ఉందో మా గాయనిని అడగాలి. చీర మార్చుకోవడానికని ప్రతి ఊళ్ళోనూ ఎలిమెంటరీ స్కూలు గది చూపిస్తారు. తలుపుంటుంది, గడియ ఉండదు. రెండో షరతు, మిగతా సగం డబ్బు స్టేజీ ఎక్కే ముందే చేతిలో పెట్టాలి. దిగాక అడిగితే ప్రెసిడెంటు గారు ఊరేగింపులో ఉంటారు, కోశాధికారి నిద్రలో ఉంటాడు. మూడోది టైము. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే మైకు ఆపాలి. పండగలకు, ఏడాదికి 15 రోజులు మించకుండా, ప్రభుత్వం 12 దాకా వెసులుబాటు ఇవ్వొచ్చు. అది ఈ రాత్రికి ఉందో లేదో ఎస్సై గారు జీపు దిగాక గానీ తేలదు. అందుకని మంచి పాటలన్నీ తొమ్మిదిన్నర లోపే అయిపోవాలి.

గాయకుడి గొంతుకి అతిమధురం, మిరియాల కషాయం. ఐస్‌క్రీము, మిరపకాయ బజ్జీ నిషేధం. బజ్జీ నిషేధాన్ని ఏ గాయకుడూ పాటించగా నేను చూడలేదు.

ఇంతమందిలో మాస్టారు ఏ నిబంధనా పెట్టనిది తబలా బాబాయ్‌కి ఒక్కరికే. రెండు శ్రుతులకు రెండు తబలాలు, ఒక డగ్గా, చిన్న సుత్తి, పౌడరు డబ్బా, ఇదీ ఆయన సామాను. వానాకాలం గాలికి చర్మం మెత్తబడి శ్రుతి జారిపోతుంటే, పాటకీ పాటకీ మధ్య యాంకరు జోకులు చెప్పే వ్యవధిలో సుత్తితో చుట్టూ టకటకలాడించి మళ్ళీ ఒకటిన్నరకి తెచ్చేవారు. నా కీబోర్డు స్టాండు వెనక, సౌండు బాక్సుల నీడలో ఆయన చోటు. జనానికి నడినెత్తి తప్ప కనపడదు. ముందుకి రండి బాబాయ్ అంటే, వినడానికి కదా వచ్చారు వాళ్ళు అనేవారు.

బాబాయ్ ఏ పాటనీ రెండు రాత్రులు ఒకేలా వాయించి ఎరగరు. చరణం ముగిసి పల్లవికి తిరిగే చోట ఏదో ఒకటి వేస్తారు. అది నిన్న లేదు, రేపుండదు. కొత్తలో నేను తడబడిపోయి, “ఇది రికార్డులో లేదు కదా బాబాయ్” అన్నాను.

“రికార్డు వాళ్ళింట్లో ఉందిరా. దానికోసం మనం ఇంత దూరం రావాలా?” అన్నారు.

ఘంటసాల గారు 1974లో పోయినా పందిళ్ళలో సగం రాత్రి ఇప్పటికీ ఆయనదే. ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల గారు కట్టిన ‘శివశంకరీ’ అడగని ఊరు లేదు. ఆ పాట గాయకుడికి పరీక్ష, బాబాయ్‌కి పండగ. చివర్న స్వరాలు పరుగందుకునే చోట ఆయన ఉన్నట్టుండి తిశ్రంలోకి దిగిపోయేవారు. మేమంతా ఊపిరి బిగబట్టి వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటుంటే, ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా సమం మీద వచ్చి వాలేవారు. గాయకుడు పాడుతూ పాడుతూనే వెనక్కి తిరిగి దణ్ణం పెట్టేవాడు. ఆ రాత్రికి మా సంపాదన అదే. సరదాకి అనడం లేదు, కొన్ని రాత్రులు నిజంగా అంతే మిగిలేది.

ఆ ఏడు కోనసీమలో ఒక ఊరికి వెళ్ళాం. అంతకుముందు ఏడు కూడా అక్కడ కచేరీ మాదే. మనుషులం టెంపోలో ముందొచ్చేశాం, వాద్యాలు వెనక చిన్న ట్రక్కులో వస్తున్నాయి. జగ్గంపేట దగ్గర దాని గేరుబాక్సు పోయింది. ఇంకో బండి మాట్లాడదామంటే ఆ రోజు నిమజ్జనాలు. హైవే పొడుగునా ఏ ట్రక్కు చూసినా దాని మీద వినాయకుడున్నాడు.

స్టేజీ మీద అక్కడి సౌండు వాళ్ళ మైకులున్నాయి, బాక్సులున్నాయి. వాయించడానికే ఏమీ లేదు. అడ్వాన్సు చూస్తే అప్పటికే డీజిలైపోయింది. అప్పుడు సౌండు కుర్రాడు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

“అన్ని పాటలకీ ట్రాకులున్నాయండి. పాడేవాళ్ళుంటే చాలండి.”

ట్రాకు అన్న మాట తన ఎదుట ఎవర్నీ అననిచ్చేవారు కాదు మాస్టారు. పందిరి గుంజ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి, “స్టేజీ బోసిగా ఉండకూడదు” అన్నారు. ఒప్పుకున్నట్టే.

ఊరంతా తిరిగి వాద్యాలు అడిగి తెచ్చాం. ఒక కాలేజీ కుర్రాడి గిటారు, దానికి మూడు తీగలే ఉన్నాయి. చర్చి వాళ్ళ కీబోర్డు, దాని అడాప్టరు పాస్టరు గారింట్లో ఉంది, ఆయన ఊళ్ళో లేరు. వేణువు అబ్బాయి సంచిలో అతని వేణువులు ఉండనే ఉన్నాయి గానీ ట్రాకులో వేణువు కూడా ముందే ఉంది, కాబట్టి అతను ఊదకూడదు. రామాలయం భజన వాళ్ళు తబలా ఇచ్చారు. మధ్యన నల్లటి పూత పెచ్చులూడిపోయింది. డగ్గా అంచు ఎలకలు కొరికాయి. బాబాయ్ ఒళ్ళోకి తీసుకుని వేలితో ఒక్కసారి తట్టారు. చెక్క మీద కొట్టినట్టు మోగింది.

“నేను కింద కూర్చుంటానురా” అన్నారు.

మాస్టారు వినలేదు. పట్టు జుబ్బా తొడిగించి, అందరికంటే ముందు, లైటు కింద కూర్చోబెట్టారు. వాద్యాల ముందు మైకులు పెట్టారు గానీ వాటి వైర్లు దేనికీ తగిలించలేదు.

కచేరీ అదిరిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. రికార్డులో ఎక్కడ ఏది ఉందో అక్కడ అది, ఒక్క వీసం అటూ ఇటూ కాకుండా. కరెంటు లేని కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తుంటే నా తప్పొక్కటీ ఎవరికీ వినపడలేదు. అలవాటు పడితే మానలేని సుఖం అది.

‘శివశంకరీ’ వచ్చింది. సినిమాలో ఆ పాటకి రామారావు గారే పలు రూపాల్లో కూర్చుని పాడుతూ, వాద్యాలు వాయిస్తూ కనిపిస్తారు. నిజంగా వాయించిన చేతులెవరివని హాల్లో ఎవరూ అడగలేదు, మా పందిట్లోనూ అడగలేదు. స్వరాల దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ బాబాయ్ చేతులు తిశ్రంలోకి వెళ్ళిపోయాయి. ట్రాకు వెళ్ళలేదు. కుడి చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. ఆ తర్వాత బుద్ధిగా ట్రాకు వెంట నడిచింది.

ఈలలు, చప్పట్లు, ఒన్స్ మోర్. రెండోసారీ అచ్చం అలాగే వచ్చింది. రాక ఏం చేస్తుంది?

ప్రెసిడెంటు గారు శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కారు. గాయకుణ్ణి దాటుకుని నేరుగా బాబాయ్ దగ్గరికి వచ్చి శాలువా కప్పి, వెయ్యినూటపదహార్ల కవరు చేతిలో పెట్టారు. మైకు అందుకున్నారు.

“ఏవండీ మేనేజరు గారూ, మొహమాటం లేకుండా చెప్తున్నానండి. పోయినేడు తబలాకి ఎవర్నో తెచ్చారు, వెనకాలెక్కడో కూర్చున్నాడు. పాటలో లేనివన్నీ వాయించేశాడండి. ఇంకా నేర్చుకుంటున్నాడేమో పాపం అని మా కుర్రాళ్ళు అప్పుడే అన్నారు. ఈయన్ని చూడండి, అచ్చు రికార్డే! వచ్చే ఏడు డేటు ఇప్పుడే ఇచ్చేస్తున్నాం. ఈయనుంటేనే సుమండీ. కాగితం మీద రాయండి.”

మాస్టారు ఏదో అనబోయారు. ఈలోపే బాబాయ్ లేచి రెండు చేతులూ జోడించారు.

“పాతవాణ్ణి మానిపించేశామండీ” అన్నారు.

ఒప్పందం ఆ రాత్రే రాసుకున్నారు. గడియ రెండో షరతుకి దిగింది. మొదటి షరతు తబలా.

మరుసటి ఏడు బాబాయ్ రాలేదు. ఒప్పుకున్న తబలా ఆయన్ని తీసుకురాలేదని కమిటీ వాళ్ళు మాకివ్వాల్సిన దాంట్లో 2,000 రూపాయలు కోసేశారు.