శని, ఆదివారాల పటేలు

లింగంపల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఏ అపార్టుమెంటుకు వెళ్లినా బ్లాకుకు ఒకాయనైనా ఇలాంటివాడు దొరుకుతాడు. వయసు నలభై దాటి ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా హైటెక్ సిటీలో ఏదో క్లౌడ్ మీదికి ఏదో ఎక్కిస్తుంటాడు. ఏం ఎక్కిస్తాడో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆఫీసులో తెలిసినవాళ్లు కూడా తక్కువే. శనివారం పొద్దు పొడవకముందే కారు డిక్కీలో గ్రీజు డబ్బా, పానాల సంచి, పులిహోర టిఫిన్ పెట్టుకుని ముంబై హైవే ఎక్కుతాడు. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ గోడ కనబడగానే ప్రతివారం ఒకసారి గొణుక్కుంటాడు: 1972 నుంచి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అంటూ కూర్చున్నారు, మక్క మాత్రం వాళ్ల జాబితాలో లేదు!

సదాశివపేట దాటాక రోడ్డు దిగితే ఆయన రెండున్నర ఎకరాల నల్లరేగడి మక్క చేను. 2015-16 వ్యవసాయ గణనలో తెలంగాణ సగటు కమతం ఒక హెక్టారు, అంటే ఇంచుమించు ఇంతే. కాగితం మీద చూస్తే మనవాడు అచ్చమైన సగటు తెలంగాణ రైతు. కాకపోతే ఈ సగటు రైతుకు సొంతంగా ఒక కంబైన్ హార్వెస్టర్ ఉంది.

ఊళ్లో ఆయన్ని పటేలా అంటారు. అందులో మర్యాద పాలెంత, పరాచికం పాలెంత అన్నది ఆయనకు ఇంకా అంతుబట్టలేదు.

నిజం చెప్పాలంటే మిషన్ కొనడానికి ఆయనకు గట్టి కారణమే ఉంది. కంకులు విరవడానికి కూలీలు దొరకరు. కిరాయి మిషన్ వాళ్లేమో పదేసి ఎకరాలు ఒక్కచోట ఉన్నవాళ్లవి కోసేసి, ఆఖర్న చిన్న మడుల వైపు చూస్తారు. "రేపొస్తం సారూ" అన్న మాట మీద ఓ ఏడాది వారం గడిచింది. ఈలోగా అడవి పందులు రాత్రి షిఫ్టు, కోతులు పగటి షిఫ్టు చేశాయి. పక్క చేను కాక వచ్చి, "కోతకన్న ముందుగాల్నే కోతులొచ్చినయ్ పటేలా" అని ఓదార్చి పోయాడు. ఆ రాత్రి లింగంపల్లి ఫ్లాట్‌లో పంజాబీ యూట్యూబ్ ఛానళ్లు మొదలయ్యాయి. పంజాబీ ఒక్క ముక్క రాదు. అయినా నెల తిరిగేసరికి నాభా, భాద్‌సోన్, మలేర్‌కోట్ల అన్న ఊళ్లు ఆయన నోట చందానగర్, మియాపూర్‌లంత చనువుగా పలకసాగాయి. దేశంలో హార్వెస్టర్లు పుట్టేది ఎక్కువగా ఆ పట్టునే.

చండీగఢ్‌కు విమానంలో పోయి మిషన్ చూసొచ్చాడు. రంగు కొత్తది, సీటు కవరు కొత్తది. గంటల మీటరు మాత్రం ఏ కాలంలోనో ఆగిపోయి ఉంది. అమ్మేవాడు దాన్ని చూపించి, "మిషన్ ఎంత తక్కువ తిరిగిందో చూడండి" అన్నాడట. మనవాడు చూసి ముచ్చటపడ్డాడు. లక్షల లైన్ల కోడ్‌లో ఒక్క కామా తప్పితే పట్టేసే కళ్లు, పాత ఇనుము ముందు పెళ్లిచూపుల కళ్లయిపోతాయి.

కొనేముందు ఎక్సెల్ షీటు వేయకుండా ఎలా ఉంటాడు? అందులో సొంత చేను రెండున్నర ఎకరాలు, చుట్టుపక్కల కిరాయికి 200 ఎకరాలు. ఆ 200 ఎకరాల వాళ్లెవరికీ తాము షీటులో ఉన్నట్టు ఇప్పటికీ తెలియదు. సొంత చేను సంగతికొస్తే, నడిచే మిషన్ ఎకరం మక్క కోయడానికి గంట చాలు. సాలు చివర మలుపులూ, బెల్టు బిగింపులూ కలిపి మూడు గంటలనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. మిగిలిన 8,757 గంటలు వేపచెట్టు కింద నిలబడటమే దాని ఉద్యోగం. 2025-26కు మక్క మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఎకరానికి పాతిక క్వింటాళ్లు పండినా మొత్తం పంట లక్షన్నర, అదీ విత్తనం, యూరియా, కత్తెర పురుగు మందు తీసెయ్యకముందు. ఈ లెక్క మాత్రం షీటులో ఇంకో ట్యాబ్‌లో ఉంటుంది. ఆ ట్యాబ్‌ను హైడ్ చేశాడు.

మిషన్ ధర దగ్గర ఆయన ఓ పద్ధతి పాటిస్తాడు. ఇంట్లో ఆరు లక్షలు. ఆఫీసులో పన్నెండు, లేకపోతే టీమ్ ముందు పరువుండదు. ఊళ్లో నాలుగు, పట్నపోడు మోసపోయిండన్న పేరు రాకూడదు కదా. అసలు ధర బ్యాంకుకు తెలుసు.

విద్య మాత్రం గట్టిగానే పట్టుబడింది, అది ఒప్పుకోవాలి. లంచ్ టేబుల్ దగ్గర అడగడమే ఆలస్యం, 1836లో అమెరికాలోని మిషిగన్‌లో హైరమ్ మూర్ అనే ఆయన కోత, నూర్పిడి, తూర్పార మూడూ ఒకే బండిలో కలిపి పేటెంటు పొందిన దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. గుర్రాలు లాగిన బండ్ల నుంచి 1950లలో బండి ముందు తగిలించే మక్క హెడర్లు వచ్చేదాకా తెచ్చేసరికి ఎదుటివాడి పెరుగన్నం ఎండిపోతుంది. హెడర్ ముక్కులు సాళ్ల మధ్య దూరడం, కింది రోలర్లు దంటును నేలకు లాగేయడం, కంకి మాత్రం పైపలకల మీద ఆగి లోపలికి పోవడం, అన్నీ చేతులతో చేసి చూపిస్తాడు. మక్కకు డ్రమ్ము నెమ్మదిగా తిరగాలి, కింద జాలీ ఎడం ఎక్కువుండాలి, లేదంటే గింజ పగులుతుంది. ఇదంతా నిజమే. అమెరికాలో 2022 లెక్కల ప్రకారం ఒక్కో ఫారం సగటున 463 ఎకరాలన్న సంగతి ఒక్కటే దాటేస్తాడు.

హెడర్‌కు సాళ్లు ఒకే ఎడంలో ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్లు పెట్టమంటారు. మనవాడు జూన్‌లో ఓ ఆదివారం, మధ్యలో రెండు ఆన్‌సైట్ కాల్స్ మాట్లాడుకుంటూ స్వయంగా దగ్గరుండి వేయించిన సాళ్లు అవి. గెట్టు దగ్గర మొదలైనప్పుడు 60, బోరు దగ్గరికొచ్చేసరికి ఒక్కోటి ఒక్కో కాల్ వైపు తిరిగింది. పైగా అంత పొడుగు మిషన్ మడిలో దిగి మలుపు తిరగాలంటే నాలుగు మూలలా చోటు కావాలి. ఆ చోటు కోసం ముందుగా కూలీలను పిలిచి చేత్తో కంకులు విరిపించాలి. కూలీలు దొరకడం లేదనే కదా మిషన్ కొన్నది!

ఈ ఏడు దసరాకు మిషన్‌కు బంతిపూల దండ, నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. ఆఫీసు గ్రూపులో ఫొటో. ముప్పై ఏడు చప్పట్ల బొమ్మలు. తాళంచెవి తిప్పాడు. మిషన్ ఏమీ అనలేదు.

"రూట్ కాజ్ కనుక్కోవాలి కాకా" అన్నాడు మనవాడు, ఫోన్ టార్చి వేసి కిందికి దూరుతూ.

"ఎలుక, పటేలా."

నిజంగానే ఎలుక. వైర్లు కొరికి, గింజల ట్యాంకులో పిల్లలు పెట్టింది. వైర్లు అతికించి స్టార్టు చేస్తే ఇంజను లేచింది, లేచి చేనంతా వినబడేలా గర్జించింది. ఆ క్షణంలో మనవాడి మొహం చూసినవాళ్లెవరూ ఆ మిషన్ ఎందుకు కొన్నావని మళ్లీ అడగరు. పదిహేడేళ్ల ఉద్యోగంలో ఆయన చేసిన పని చప్పుడు ఒక్కసారైనా బయటికి వినబడలేదు మరి. ఐదు నిమిషాలు నడిచాక డ్రమ్ము బేరింగు పోయింది.

బేరింగు నాభా నుంచి రావాలి. పార్సిలు ఎక్కడుందో గంటకోసారి ఫోన్లో చూసుకున్నాడు. అది నాగ్‌పూర్‌లో రెండురోజులు బస చేసి, తీరా చేనుకు కాకుండా లింగంపల్లి అపార్టుమెంటు సెక్యూరిటీ దగ్గరికి చేరింది. ఈయన చేనులో, బేరింగు గేటు దగ్గర, మధ్యలో వాన. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి, ఇక ఎవరు తెస్తారు?

కాక ఈలోగా తన నాలుగెకరాల చేనులో ఓ కంకి విరిచి, గింజ మొదట్లో నల్లపొర చూసి, పంటి కింద కొరికి, మార్క్‌ఫెడ్ వాళ్లడిగే 14 శాతం తేమకు ఇంకో నాలుగు ఎండలు కావాలన్నాడు. మనవాడి తేమ మీటరు బ్యాటరీ అయిపోయింది. నాలుగు ఎండలు కాశాక కిరాయి మిషన్ వచ్చింది. తోలేది పంజాబు నుంచి సీజనుకు వచ్చిన సర్దార్జీ. పొద్దున దిగి మధ్యాహ్నానికి కాక చేను ఊడ్చేశాడు.

మనవాడు కాసేపు గెట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. తర్వాత కాక చెవిలో ఏదో అన్నాడు. కాక సర్దార్జీ చెవిలో అన్నాడు. కిరాయి మిషన్ మెల్లగా మనవాడి మడిలో దిగింది. బంతిపూల దండతో సొంత మిషన్ వేపచెట్టు కింద నుంచి చూస్తుండగా, వంకర సాళ్లలో పడుతూ లేస్తూ రెండున్నర ఎకరాలూ కోసేసింది. "ఈసారి కంబైన్‌తోనే కోయించాం" అని గ్రూపులో మెసేజి పెట్టాడు. అబద్ధమేమీ లేదు.

పని కాగానే సర్దార్జీ దిగి, వేపచెట్టు దగ్గరికి పోయి, పాత మిషన్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. రంగు గోటితో గీకి చూశాడు. ఆగిన మీటరు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"కిత్నే మే లియా, భాయ్‌సాబ్?"

సర్దార్జీకి బజారు ధర తెలుసు. నాలుగంటే నమ్మడు, పన్నెండంటే నవ్వుతాడు. మనవాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నౌ లాఖ్" అన్నాడు.

వెనక సంచులు కుడుతున్న కాక దబ్బనం ఆపాడు.

"తొమ్మిదా? నాకు నాలుగంటివి గద పటేలా! మరి ఇంట్ల మేడంకెంత జెప్పినవ్?"