డబ్బా గోంగూర – మిడతల నివారణ

సోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, కన్నా చౌక్ వైపు సాలెవాడల్లో, తోట అంటే గుమ్మం పక్కన వరసగా పెట్టిన నూనె డబ్బాలు. ఒకదాంట్లో గోంగూర, ఒకదాంట్లో కరివేపాకు, చిల్లుపడ్డ బకెట్లో బంతి. కుళాయి నీళ్ళు కొన్ని రోజులకోసారి వస్తాయి. మిడత రోజూ వస్తుంది.

మిడత ఆకును అంచు నుంచి మొదలుపెట్టి ఈనె దాకా నములుతుంది. ఆడమిడత మట్టిలో గుడ్లు గుత్తులుగా పెడుతుంది. తొలకరి పడగానే పిల్లలు బయటికొస్తాయి. ఐదారుసార్లు కుబుసం విడిస్తే గానీ వాటికి పూర్తి రెక్కలు రావు. కాబట్టి యుద్ధం జూన్‌లోనే చేయాలి. ఆగస్టులో చేసేది యుద్ధం కాదు, పరామర్శ.

మొదటి పద్ధతి, మే నెలలో డబ్బాల మట్టి గుమ్మరించి ఎండబెట్టడం. గుడ్లు ఎండకు మాడతాయి, మిగిలినవి గోరింకల పాలు. ఇందులో ఒక్కటే లోపం: పక్కనున్న ఖాళీ ప్లాటు. దాని యజమాని పుణేలో ఉంటాడు, గడ్డి ఇక్కడ ఉంటుంది. జిల్లేడు చెట్టు మీద నీలం పసుపు చారల జిల్లేడు మిడతలు పెళ్ళివారిలా దిగి ఉంటాయి. పట్టుకుంటే ఒంట్లోంచి పిచికారీ కొడతాయి. ప్లాటు హద్దురాళ్ళు మనుషులకే గానీ మిడతలకు కావు.

రెండవది, చప్పుడు. 2020 మేలో ఎడారి మిడతల దండు విదర్భ దాకా వచ్చింది. అలాంటి దండును రైతులు పళ్ళేలు వాయించి తోలడం పాత అలవాటే. పవర్‌లూముల మోతలో పుట్టి పెరిగిన వాడకట్టు మిడతకు మాత్రం పళ్ళెం జోలపాటతో సమానం.

మూడవది, కప్పడం. బట్టకు ఈ పేటలో కరువు లేదు కనుక దీన్ని వివరంగా చెప్పుకోవాలి. సోలాపూర్ చద్దరు కప్పితే మిడత రాదు. వెలుతురూ రాదు. చద్దరు మీద నేసిన పువ్వు వాడదు గానీ కింద మొక్క వాడిపోతుంది. టెర్రీ టవల్ తేలికే, వాన పడేదాకా. తడిస్తే పడుచు మొక్క నడుము విరుగుతుంది. పైగా దారిన పోయే ప్రతి ఒక్కరూ "వదినా, టవల్ ఇంకా ఆరలేదా?" అని అడుగుతారు. సెకండ్స్ టవల్ వేస్తే పరువు తక్కువ, మంచిది వేస్తే చుట్టాలొచ్చినప్పుడు దాని మీద మట్టి మరక. పల్చటి నూలుబట్ట వేస్తే గాలీ వెలుతురూ ఆడతాయి, కానీ మిడత నూలునూ కొరుకుతుంది. పడుగు ఏది, పేక ఏది అన్న పట్టింపు దానికి లేదు. చివరికి నిలిచేది సన్నకళ్ళ ఇనుప జాలీ ఒక్కటే. ఊళ్ళకు ఊళ్ళను కప్పిన పేట తన గోంగూర కప్పడానికి హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాలి.

నాలుగవది, బీడీ పొగాకు కషాయం. ఇది సలహా రూపంలో ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. రసం పీల్చే పేనుబంక మీద పనిచేసినంతగా ఆకు నమిలే మిడత మీద పనిచేయదు. నికోటిన్ మనిషికీ విషమే, తినే ఆకు మీద చల్లకూడదు. పొగాకు చేతులతో ముట్టుకుంటే మిరపకూ టమాటాకూ వైరస్ తెగులు అంటుకోవచ్చు.

ఐదవది, వేపగింజల కషాయం. లీటరు నీళ్ళకు యాభై గ్రాముల వేప పప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండకు దాని బలం తగ్గుతుంది, వాన పడితే మళ్ళీ చల్లాలి. పిల్ల మిడతలకు తిండి సహించదు, కుబుసం సరిగా విడవదు. పెద్దవి పెద్దగా లక్ష్యపెట్టవు.

ఆరవది, చేత్తో ఏరడం. తెల్లవారుజామున చలికి మిడత చురుగ్గా ఎగరలేదు, అప్పుడే పట్టి సబ్బునీళ్ళలో వేయాలి. ఆ వేళకే బీడీలు చుట్టే చాట ముందు కూర్చోవాలి కదా అని ఇంట్లో సణుగుడు మొదలవుతుంది. సణుగుడులో న్యాయముంది. బజారులో గోంగూర కట్ట కొంటే ఇంతకన్నా చవక. ఇక్కడ నేతకు కూలి పీసుల లెక్కన, బీడీకి వెయ్యి లెక్కన. కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి తాతలు వచ్చిన నాటి నుంచీ ప్రతి చేతిపనికీ ఎవరో ఒకరు లెక్క రాసుకుంటూనే ఉన్నారు. ఏ చిట్టాలోనూ ఎక్కని పని ఈ డబ్బా ఒక్కటే. అందుకే కాబోలు, నష్టమని తెలిసీ ఎవరూ మానరు.

ఏడవది, ఒక డబ్బా ఎక్కువ పెట్టడం. ఇన్నీ చేశాక మిగిలిన ఆకుకు చిల్లులుంటాయి. నూరాక పచ్చడిలో అవి కనిపించవు.