పొరుగింటి తిరుగుడు గిన్నె

సాయంకాల మారు గంటలు కాగానే మా ప్రహరీగోడ కవతలివైపున నొక కూత పుట్టును. అది మొదట సన్నగా మొదలై, క్రమక్రమముగా పైస్థాయి నందుకొని, ఇంక నెక్కుటకు మెట్టు లేదని శ్రోత ధైర్యము తెచ్చుకొనిన పిమ్మట మరి రెండు మెట్లెక్కి, అచ్చట స్థిరనివాస మేర్పరచుకొనును. బంగారుపేట జంక్షను గదా, కూతలకు మేము కొత్తవారము కాము. మద్రాసు పోవు బండియు, మారికుప్పము పోవు బండియు, కోలారు పోవు బండియు కూసియే పోవును. కాని యవి పోవును. ఇది పోదు.

వీధివారందరును మామ యని పిలుచు మా పొరుగింటి పెద్దమనిషి, లారీషెడ్డులలో ఇంజినులనుండి దింపిన నల్లనూనెను క్యాన్లతో తెచ్చి, సెంట్రిఫ్యూజ్ అను తిరుగుడు గిన్నెలో పోసి, మడ్డి విడదీసి, తేరిన నూనెలో కొంత డీజిలు కలిపి, తన పాతకాలపు ఒంటి సిలిండరు ఇంజినునకు పట్టించి కరెంటు పుట్టించుకొనును. 1902లోనే శివనసముద్రమునుండి విద్యుత్తు తెప్పించుకొని, బెంగుళూరు ఇంకను కిరసనాయిలు దీపములు తుడుచుకొనుచుండగానే వెలిగిపోయిన కోలారు బంగారుగనుల సీమ చెంత, నేడొక గృహస్థు కరెంటును కాఫీవలె ఇంటనే కాచుకొనవలసి వచ్చినది. ఇదే నల్లనూనెను మేస్త్రీలు సెంట్రింగు పలకలకు పూయుదురు. చెద పట్టకుండ తలుపు చట్రములకు రాచువారును కలరు. వారివలన నెవరి చెవులును చెడలేదు.

నూనెను పీపాలో పోసి నెలలకొలది కదల్పక యుంచినను మడ్డి యడుగునకు దిగును. కాని మామకు నెలలు లేవు. ఆయన గిన్నె అడ్డుకొలత 15 సెంటీమీటర్లు, వేగము నిమిషమునకు 6000 చుట్లు. లెక్క కట్టి చూడగా దాని యంచున భూమ్యాకర్షణకు సుమారు 3000 రెట్ల బలము పుట్టునని తేలినది. నాకు నిద్రపట్టకపోవుటకు కూతకంటె నీ లెక్కయే ముఖ్యకారణము. ఏలయన నంత వేగమున తిరుగు ఇనుపగిన్నె యెన్నడైన పగిలినచో దాని ముక్కలకు మా ప్రహరీగోడ అడ్డు కాజాలదు. ఆ గోడ కట్టిన కాంట్రాక్టరును నే నెరుగుదును.

తిప్పుటకు ముందు నూనె 80 డిగ్రీలకు పైగా కాగవలయును. చల్లని నూనె చిక్కనిది, అందు మడ్డి కదలదు. తడి మిగిలినదో లేదో తెలిసికొనుటకు మామ యొక పెనము కాల్చి, దానిపై నొక చుక్క వేసి, చెవి యొగ్గును. చిటపటలాడెనా, నీరున్నది, కిక్కురుమనక పొగ వచ్చెనా, లేదు. ఆ పెన మొకప్పుడు దోసెలు చూచినది. ఇప్పుడు దానికి వంటింటి ప్రవేశము లేదు; ఆ పూటకు మామకును లేదు.

"ఇది పాడు మిషను కాదు సామీ, పాల మిషను" అని యాయన వాదము. అదియు నిజమే. 1878లో స్వీడనుదేశమున గుస్తావ్ ద లావాల్ పాలనుండి మీగడ విడదీయుటకే ఇట్టి గిన్నెను తిప్పినాడు. మామ ఇంజినునకు మూలరూపమైన లిస్టరు ఇంజినులు చేసిన ఇంగ్లండు కంపెనీ సైతము ఇంజినులకు ముందు మీగడ యంత్రము లమ్మినదే. 1900లో పారిస్ ప్రదర్శనమున డీజిలు ఇంజినును వేరుసెనగనూనెతో నడిపినారని కూడ ఆయన సాక్ష్యము తెచ్చును. వేరుసెనగ మా కోలారు సీమ పంటయే గనుక నేను కొంత గర్వించి, కోపము మరచి, తరువాత జ్ఞప్తికి తెచ్చుకొందును.

ఇంతకును, ఇంత తిరిగిన పిమ్మట ఆ నూనె నలుపు వదలునా? వదలదు. ఆ సంగతి యెత్తి చూపగా మామ యిట్లనెను: "నల్లగుండేదంతా మడ్డి కాదు సామీ. తేటగుండేదంతా నీళ్లూ కాదు."

రెండవ వాక్యము నా నోరు మూయించినది. బంగారుపేటలో దానిని కాదనగలవాడు లేడు. ఇతర పట్టణములలో పానీపూరీ నీరు పుదీనాచేతనో చింతపండుచేతనో తన రంగు తానే చాటుకొని తినువానిని ముందుగా హెచ్చరించును. మా యూరి పానీ అట్లు చేయదు. అందు రంగు లేదు, మచ్చ లేదు, దురుద్దేశ మున్నట్లు సూచనయైన లేదు. నేడు బెంగుళూరు వీధులలో మా యూరిపేరు బోర్డుల కెక్కినదనిన నది ఈ నీటి పుణ్యమే. విజయవాడనుండి వచ్చిన మా తోడల్లుడు, గుంటూరు మిరపకాయల నడుమ పెరిగితినని రైలు దిగినది మొదలు చెప్పుచున్నవాడు, బండివాని పాత్రను చూచి త్రాగునీ రనుకొని, ఎవరి నడుగక గ్లాసు ముంచుకొని, ఆగక సగము త్రాగెను. తరువాత నాయన ఏమి చేసెననగా, ఏమియు చేయలేదు. గ్లాసు క్రిందపెట్టి, జేబురుమాలు తీసి, కండ్లద్దములు తుడిచెను. అద్దములలో లోపము లేదు. పిమ్మట ఈ యూరి జనాభా ఎంత యని యడిగి, నేను చెప్పుచుండగా వినక, గుంటూరు ఊసు మరల నెత్తక, మరునాడు పోవలసినవా డా రాత్రి బండికే పోయెను. బండివాడు మాత్రము ఆ గ్లాసునకు డబ్బు పుచ్చుకొనలేదు. "నీళ్లకు దుడ్లేమి సామీ" అనెను.

కావున రంగు సాక్ష్యము చెల్లదు. గిన్నెనుండి వెలువడిన నూనెలో మిగులు నలుపు ముఖ్యముగా మైక్రానులో కొద్దిపాటి వంతుండు మసి. అది యడుగంటక తేలుచుండుటకై నూనె చేయువారే మందు కలిపియుందురు గనుక 3000 రెట్ల బలమునకును తేలికగా లొంగదు. ఇంతవరకు గెలుపు మామదే. కాని జింకు, భాస్వరము, కాల్షియము అనునవి నూనెలో కరగియే యుండును, కరగినదానిని తిప్పి తీయుట యే గిన్నెతరమును కాదు. అవి ఇంజినులో బూడిదయై ఇంజెక్టరు మూతికిని వాల్వులకును పట్టి, మిగిలినది పొగగొట్టము గుండ మా పెరటికి దయచేయును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమావళిలో వాడిన నూనె చేరియే యున్నది. దానిని అనుమతి గల శుద్ధిశాలలకే పంపవలయును. ఆ భాగమును అచ్చు తీయించి చదివి వినిపించితిని. మామ శ్రద్ధగా విని, ఆ కాగితము నడిగి పుచ్చుకొని, చేతులు తుడుచుకొనెను.

గిన్నె నిలిచిన తరువాత, దాని లోపలిగోడకు వ్రేలి మందమున పట్టిన మడ్డిని ఆయన రేకుముక్కతో గీకి డబ్బాలో వేయును. "ఇది యెక్కడ పోయుదువు మామా?" అని నే నడుగని దినము లేదు, ఆయన సమాధాన మీయడు. మనుష్యులను మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దింపి మరల పైకి తెచ్చిన ఛాంపియన్ రీఫ్ గని యంత్రములకు నూనె పోసిన చేతు లవి. బంగారము వెలకంటె దానిని తీయు ఖర్చే మించినదని 2001లో గనులు మూసినపుడు ఆయనకు నలుబదియేండ్లు దాటినవి. అటుపిమ్మట చాలకాలము తెల్లవారుజాము బండిలో బెంగుళూరు పోయి, ఒక అపార్టుమెంటు గేటువద్ద కుర్చీలో కూర్చుండి, చేతు లూరకుంచుకొని, రాత్రి బండికి తిరిగి వచ్చెడివాడు. 1880 మొదలు నూటయిరువది యేండ్లు బంగారము తీసికొనిపోయినవారు, సైనైడుతో పిండిన రాతిపొడిని గుట్టలుగా పోసి యచ్చటనే విడిచిపోయిరి. నేటికిని గాలి రేగినపుడు ఆ పొడి యిండ్లమీద పడుచునే యున్నది. ఇది యెక్కడ పోయుదురని గోడమీదుగా దినమున కొకమారు అడుగుటకు వారికి నావంటి పొరుగువాడు లేకపోయెను.

నిన్న మామ నోరు విప్పెను. "ఆ డబ్బా మీ ఇంటికే సామీ. దొడ్డి తలుపుకు చెదలు పట్టిండాదని అమ్మణ్ణి మొన్ననే చెప్పిపెట్టింది."

విచారింపగా మా యింటామె బ్రష్షు కూడ కొని తెచ్చి యుంచినదట.