వారంటీ దీపిక

అవతారిక. మెదకు సీమ కోలాచలం వాడైన మల్లినాథసూరి కిరాతార్జునీయానికి టీక రాసి దానికి ‘ఘంటాపథం’ అని పేరు పెట్టాడు. ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గమని దాని అర్థం. ప్రస్తుత కావ్యనాయకుడు పది చక్రాల కొత్త లారీ. చెన్నై–కోల్‌కతా 16వ జాతీయ రహదారి కంటికి ఆనేంత దూరంలో ఉన్నా ఆయనకు ఆ మార్గం ప్రాప్తించలేదు. అందుచేత ఈ టీకకు ‘వారంటీ దీపిక’ అని నామకరణం చేయడమైనది. దీపం రెండో పాదంలో వస్తుంది.

పద్యకర్త ఖరగ్‌పూర్ తాల్‌బగీచా వాసి, తన బండి తానే తోలుకునేవాడు. ఇది రైలు కట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టర్లుగా, ఖలాసీలుగా కుదురుకున్నవాళ్ల మనుమలు ఇక్కడ హిందీలో బేరమాడి, బెంగాలీలో పలకరించి, తెలుగులో తిట్టుకుంటారు. మన కవి తాతగారిది ఆవిరి ఇంజన్ని విప్పి మళ్లీ బిగించిన చెయ్యి. మనుమడికి తన బండి క్యాబిన్ ఎత్తి ఒక సెన్సారు ప్లగ్గు పీకే అధికారం లేదు. పీకితే వారంటీ చెల్లదంటారు. ఈ సంగతి తెలియనివారికి పద్యంలోని రసం అందదు.

మూలము.

కొత్త లారి నిలిచెఁ గొట్టము వాకిట
దీప మొకటి పసుపు తేజ మొలికె
పార్టు వచ్చు ననుచుఁ బలుమారు వినిపించు
వారమన్న మాట వత్సరంబె

ప్రతిపదార్థము. కొత్త లారి = సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని బండి. ‘లారీ’లోని దీర్ఘం గణం కోసం పోయింది. బండిలో పోయినవాటితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కొట్టము వాకిటన్ = సర్వీసు షెడ్డు గేటు బయట. లోపల జాగా లేదు, అక్కడ అంతకు ముందు వచ్చిన కొత్త బండ్లున్నాయి. నిలిచెన్ = నిలిచినది. ‘నిలిపిరి’ అనకుండా ‘నిలిచెన్’ అనడంలో కవి మర్యాద చూడదగినది. దీపము ఒకటి = డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో వెలిగే చెక్ లైటు. పసుపు తేజము ఒలికెన్ = ఎరుపు కాదు, పసుపు. ఎరుపైతే బండి పక్కకు తీసి ఆపేయాలి. పసుపైతే నడుస్తుంది గానీ ఎత్తు మీద లాగదు. లోడుతో ఉన్నవాడికి రెండింటికీ ఆట్టే తేడా లేదు.

దీపం పుట్టుక కొంత చెప్పవలసి ఉంది. 2020 ఏప్రిల్ 1న దేశం భారత్ స్టేజ్ 4 నుంచి, అయిదును దాటేసి, ఆరుకు దూకింది. డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో 50 పాళ్ల నుంచి 10కి దిగింది. పొగగొట్టం దారిలో యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు వచ్చింది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. అది విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, ఆవిరిగా మారుస్తుంది. మారుస్తోందా లేదా అని కాపలా కాసేది నాక్స్ సెన్సారు. అది మూగబోయినా, తప్పు పలికినా కంప్యూటరు ముందు దీపం వెలిగిస్తుంది. అయినా పట్టించుకోకపోతే ఇంజను బలం కోసేస్తుంది. టీకాకారుడు ఈ దీపానికి శత్రువు కాడు. రోడ్డు పక్క ఇళ్లలో పసిపిల్లలున్నారు, లారీ పొగ తగ్గాల్సిందే. కాపలావాడు పడిపోతే లేపేవాడు ఎక్కడ అన్నదే ఫిర్యాదు.

శంక: దీపం వెలిగిందంటే లోపం తెలిసినట్టే కదా? సమాధానం: కాదు. తార్కికులు కొండ మీద పొగను చూసి నిప్పును ఊహిస్తారు. కొత్త బండికి కంటికి కనిపించే పొగే లేదు, కనుక దీపాన్నే హేతువుగా పట్టుకోవాలి. ఆ హేతువు సవ్యభిచారం. సెన్సారు చచ్చినా వెలుగుతుంది, వానకు కనెక్టరులో నీరు దిగినా వెలుగుతుంది, వైరు ఎలుక కొరికినా వెలుగుతుంది, ఎవడో యూరియాలో పంపు నీళ్లు కలిపి అమ్మినా వెలుగుతుంది. స్కానరు చెప్పే కోడు ఏ దారిలో గొడవ జరిగిందో చెబుతుంది, దోషి పేరు చెప్పదు. దోషిని పట్టాలంటే మీటరు పుచ్చుకుని వైరు వెంట నడిచే మనిషి కావాలి. అతను దొరకని చోట సెన్సారు మారుస్తారు, దీపం ఆరుతుంది, బండి బాలాసోర్ దాటకముందే మళ్లీ వెలుగుతుంది.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. పార్టు వచ్చును అనుచున్ = పార్టు వస్తుందని చెప్పుచు. ‘వచ్చును’ అనే రూపాన్ని చిన్నయసూరి తద్ధర్మార్థకం అంటాడు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు అది స్వభావాన్ని చెబుతుంది, తేదీని చెప్పదు. పార్టుకు రావడం స్వభావం. ఇప్పుడే రావాలన్న నియమం వ్యాకరణంలో లేదు. తాల్‌బగీచా ప్రతుల్లో ‘పార్ట్ ఆస్‌ఛే, దాదా’ అని బెంగాలీ పాఠాంతరం, ‘పార్ట్ ఆ రహా హై’ అని హిందీ పాఠాంతరం ఉన్నాయి. అవి వర్తమానకాలంలో ఉన్నాయి గనుక మరింత ఆశ కలిగిస్తాయి. ఫలితం మూడింటికీ ఒక్కటే.

ఆలస్యానికి కారణం షెడ్డులోని కుర్రాడు కాడు. స్కానరు రిపోర్టు, ఫొటోలు కంపెనీకి వెళ్లాలి. వారంటీ కింద ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక డిపోలో వెతకాలి, లేకపోతే పై డిపోకు రాయాలి. కుర్రాడి చేతిలో ఉన్నది ఫోను, అందులో ఉన్నది ‘వచ్చును’. అతన్ని తిట్టినందువల్ల పుణ్యం లేదు.

వారము అన్న మాట వత్సరంబె = వారమంటే ఏడాదే. ఇక్కడ వ్యంగ్యార్థం గ్రహించాలి. వారంటీ పార్టును ఊరికే ఇస్తుంది, రోజును ఇవ్వదు. బండి నిలిచినా కిస్తీ నిలవదు, ఇన్సూరెన్సు నిలవదు, క్లీనరు ఆకలి నిలవదు. భీమవరం చేపల లోడు ఇంకో బండి ఎక్కి హౌరా చేరిపోతుంది, ఆ ట్రాన్స్‌పోర్టువాడు మళ్లీ ఫోను చెయ్యడు. చాలా వారంటీ పత్రాల్లో ఈ నష్టంతో తమకు సంబంధం లేదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడుగన్న బిరుదును 2013లో గోరఖ్‌పూర్ పట్టుకుపోయింది. ఊరికి మరో బిరుదు కావాలంటే ఈ షెడ్డు వాకిట ఎదురుచూపును కొలవవచ్చు.

విశేషము. లారీ వ్యాపారపు సొత్తు, దాని యజమాని వినియోగదారుడు కాడని కొందరు పూర్వపక్షం చేస్తారు. సిద్ధాంతం వేరు. బతుకుతెరువు కోసం స్వయంగా బండి తోలుకునేవాడు వినియోగదారుడేనని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లో లారీనే ఉదాహరణగా చెప్పింది. 2019 చట్టంలోనూ ఆ వివరణ ఉంది. చెల్లించిన ధర 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్లు. అందుచేత షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఫిర్యాదు రాసిన జాబ్ కార్డు నకలు అడిగి తీసుకోవాలి, వెలిగిన దీపాన్ని ఫొటో తీయాలి. నోటిమాట ‘వచ్చును’ సాక్ష్యం కాదు. కేసును మూడు నెలల్లో, సరుకును పరీక్షకు పంపాల్సివస్తే అయిదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం. ‘ప్రయత్నం’ అన్న పదానికి వేరే టీక అవసరం.

తాత్పర్యము. కొత్త లారీ సర్వీసు షెడ్డు గేటు ముందు నిలిచి ఉంది. పసుపు దీపం వెలుగుతోంది. పార్టు వారంలో వస్తుందని పలుమార్లు విన్నాం.

ఛందస్సు ఆటవెలది. యతులు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి, కవికి అప్పుడు వేరే పని లేదు. అలంకారం విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. వారాన్ని ఏడాది అన్నాడు కనుక అతిశయోక్తి అని పండితులు. కిస్తీ కట్టేవాళ్లు స్వభావోక్తి అంటున్నారు.