‘మామా, అది జూసినావా’కు టీకా తాత్పర్యము

అవతారిక: మల్లినాథసూరి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. అంటే రాజమార్గం. మా ఘంటాపథం 40వ నంబరు జాతీయ రహదారి. దాని మీద నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడిచే బస్సుల్లో రోజూ వినబడే ఒక వాక్యానికి టీక రాయాలని పూనుకున్నాను. వ్యాఖ్య పేరు స్పాయిలర్భంజని. వక్త నంద్యాలలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అల్లుడు, అనగా ఈ వ్యాఖ్యాతే. తన మాటకు తానే టీక రాసుకోవడం మర్యాద కాదు గానీ, ఇంకెవరూ ముందుకు రాలేదు. శ్రోత ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మామ.

మూలము: “మామా, అది జూసినావా? జూడకుంటే జూడు. నేనేం జెప్పను. మొదట అరగంట ఓర్చుకో. ఆఖర్న ఉంటాది జూడూ...”

ప్రతిపదార్థము: మామా = ఓ మేనమామా. సంబోధన. సీమలో ఈ పదం చుట్టరికం లేనివాళ్లకూ చెల్లుతుంది గానీ ఇక్కడ నిజంగానే మేనమామ.

అది = ఆ సినిమా. పేరు చెప్పక సర్వనామం వాడటమేమి? అనగా, మొదటిసారి పేరే చెప్పినాడు. “మామా, ‘క’ జూసినావా?” అన్నాడు. “క ఏందిరా, సగం జెప్పి ఊరకున్యావు?” అని మామ ఫోన్ చెవికి మరింత నొక్కిపట్టుకున్నాడు. 2024 దీపావళికి వచ్చిన, రాయచోటి కుర్రాడు కిరణ్ అబ్బవరం నటించిన ఆ సినిమా పేరు ఒక్క అక్షరమే. సంస్కృతంలో ‘క’ అంటే బ్రహ్మ, నీరు, తల. ‘కః’ అంటే ఎవడు అని ప్రశ్న. థ్రిల్లర్‌కు ఇంతకన్న మంచి పేరు నిఘంటువులో దొరకదు. సినిమాలో దానికి చెప్పిన అర్థం మాత్రం ఈ టీకలో రాయను. అర్థం చెప్పకూడని టీక బహుశా ఇదొక్కటే.

జూసినావా = చూచితివా? ఇది ప్రశ్న కాదు, ఉచ్చు. ‘జూసినా’ అంటే అడిగినవాడి మొహం వాడిపోతుంది. ‘ల్యా’ అంటే వెలుగుతుంది. చూడనివాణ్ణి చూసి సంతోషించే జాతి మాది.

నేనేం జెప్పను = ఏమియు చెప్పను. వ్యతిరేకార్థకం. ఈ మాట తర్వాత వక్త పది నిమిషాలు చెప్పినాడు. కొండల నడుమ ఊరు, మధ్యాహ్నం 3 గంటలకే చీకటి, ఇతరుల ఉత్తరాలు విప్పి చదివే అలవాటున్న పోస్ట్‌మ్యాన్. ఇంతవరకు దోషం లేదు. ఆపై నోరు జారబోయి, దగ్గినాడు.

ఆఖర్న ఉంటాది = చివర ఏదో ఉన్నది. ఇక్కడ పండితుల మధ్య గొడవ. పూర్వపక్షం: ఏముందో చెప్పలేదు కాబట్టి స్పాయిలర్ కాదు. సిద్ధాంతం: ఉందని చెప్పడమే స్పాయిలర్. ఆ మాట విన్నవాడు మొదటి సీను నుంచీ పాలవాణ్ణీ కుక్కనూ కూడా అనుమానిస్తూ కూర్చుంటాడు. నేను సిద్ధాంతివైపే, కానీ నోరు పూర్వపక్షంవైపు. ఈ విషయంలో ఆదర్శం ‘మహారాజ’ సినిమాను చెప్పే తీరు: కుప్పతొట్టి పోయిందని ఒక క్షురకుడు పోలీస్ స్టేషన్‌కు పోతాడు. అంతే, అక్కడ ఆగాలి. ఆగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

అన్వయము: ‘ఓర్చుకో’ అన్నది ముందు, ‘జూడు’ అన్నది వెనుక అన్వయించుకోవాలి.

పాఠాంతరము: నంద్యాల ప్రతిలో ‘ఫోన్ పక్కనబెట్టి జూడు’ అని అధికపాఠం. ఆళ్లగడ్డలో అది చెల్లదు. మామ సినిమా చూసేదే ఫోన్లో. సగం చెక్కిన ఆంజనేయుడి మోకాలికి ఆనించి పెడతాడు. గ్రైండర్ దుమ్ము స్క్రీన్ మీద బూడిద పూత పూస్తుంటే బొటనవేలితో ఒక కిటికీ అంత తుడుచుకొని, ఆ కిటికీలోంచి చూస్తాడు. అసలు చూసేది తక్కువ, ఇయర్‌ఫోన్లలో వినేది ఎక్కువ. అందుకే ఆయనకు మాటలు ఎక్కువున్న సినిమాలు నచ్చుతాయి. ‘35’ను నాకు చెప్పింది ఆయనే. “ఆ పిల్లోడు సున్నాకు విలువ లేదంటిరి, ఒకటి పక్కన పెడితే పదెట్లైతాదని అడుగుతాడు. మా అయివారిని నేనడిగి దెబ్బలు తిన్న మాట అది” అన్నాడు. అమ్మ పాత్ర గురించి అడిగితే “కంట్లో రాతిపొడి పడింది, సరిగా జూడలే” అన్నాడు. ‘కోర్ట్’కు మాత్రం సిఫార్సు రెండే ముక్కలు: “శివాజీ గొంతు విను.” వినేవాడి సిఫార్సు అది.

విశేషము: 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక మా ప్రాంతం తెర మీద కనబడితే ముందు సుమో, వెనక బాంబు. మా యాసను రాష్ట్రమంతా వినిపించిన జయప్రకాశ్ రెడ్డి పుట్టింది మా దారిలోనే, సిరివెళ్లలో. ఆయన మీద మాకు ఫిర్యాదు లేదు, ఆ సుమోల మీదే. మా ఊరు లేని థ్రిల్లర్ కోసం మేం వెతుక్కోవడానికి అదొక కారణమని నా అనుమానం.

మరొక విశేషము: 16వ శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకు. పురాణం నుంచి తీసుకోని కల్పిత కథ, ఎనిమిది ఆశ్వాసాలు. అసలు రంభా, రంభ రూపంలో ఉన్న ఇంకొకామే ఎదురుపడి నువ్వెవరంటే నువ్వెవరని తగువుకు దిగుతారు. ముడి ఎక్కడో వేసి ఎక్కడో విప్పుతాడు. విప్పేది పాలు తాగే పసిపిల్ల. 450 ఏళ్లు దాటిన కథకు స్పాయిలర్ నియమం వర్తిస్తుందా? వర్తిస్తుందనే నా నిర్ణయం. మాయరంభ ఎవరో చెప్పను. చదవనివాళ్లు నంద్యాలలోనే ఎక్కువ.

తాత్పర్యము: ఓ మామా, నేను ఒంటరిగా చూసి అరవలేక ఊరుకున్న చోట నువ్వూ చూసి, నాకు ఫోన్ చేయి అని భావము.

ఫలశ్రుతి: మరుసటి ఆదివారం నేను ఆళ్లగడ్డ నుంచి తిరుగు బస్సులో ఉండగా ఫోన్ మోగింది. బస్సు రొదలో వినబడక స్పీకర్ పెట్టినాను. “అల్లుడా, జూసినా. ఆఖరి ఇరవై నిమిషాలు గ్రైండర్ ఆపినా.” పని వేళ ఆయన గ్రైండర్ ఆపింది భోజనానికీ కరెంటు పోయినప్పుడూ తప్ప నేనెరుగను. “అయితే ఒకటి చెప్పురా, ఆ పోస్టుమ్యాను...”

ముందు సీట్లో కరివేపాకు సంచి ఒళ్లో పెట్టుకున్న ఒకామె గిరుక్కున వెనక్కి తిరిగింది.

“అన్నా, రొంత ఆపండి. నేనింకా సగమే జూసినా.”