బతికుండగానే శ్రద్ధాంజలి

2023 మార్చిలో నటుడు కోట శ్రీనివాసరావు గారు నిక్షేపంగా ఇంట్లో ఉన్నారు. ఫోన్లలో మాత్రం పోయారు. పాపం, ఆ వయసులో వీడియోలో కనిపించి, బతికే ఉన్నానని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. బందోబస్తుకని పోలీసులు కూడా ఇంటికొచ్చేశారట! 2025 జులైలో నిజంగానే పోయినప్పుడు మా ఆవిడ నమ్మలేదు. "మళ్లీనా?" అంది.

మా రోజుల్లో సినిమా కబుర్లంటే విజయచిత్ర. 1966లో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలెట్టారు. సినిమావాళ్ల పత్రిక కదా, సినిమావాళ్లని తిట్టదు, సరే. నెలకో సంచిక. మా ఊళ్లో మంగలి షాపుకొచ్చేది. గడ్డం ఇంకా మొలవని కుర్రాళ్లు కూడా బల్లమీద వంతు కోసం కూర్చునేవాళ్లు. సావిత్రి బొమ్మున్న పేజీ సాయంత్రానికి మాయం. మా తగవులన్నీ పని గురించే: మాయాబజార్‌లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే ఆ వెన్నెల ఎలా పుట్టించాడు, ఘటోత్కచుడి నడక రంగారావుకి ఎలా అబ్బింది, ఇలాంటివే.

ఇప్పుడో? ఫోన్లో ఓ వీడియో. పైన ఓ హీరోయిన్ మొహం చుట్టూ ఎర్ర సున్నా, పక్కన బాణం, కింద "ఇంత పని చేసిందా?" అని. పది నిమిషాలు ఓపిగ్గా చూస్తే తేలేదేమిటయ్యా అంటే, ఆవిడ తిరుమల వెళ్లి దర్శనం చేసుకుంది!

2018లో శ్రీదేవి దుబాయ్‌లో పోయింది. చిన్నపిల్లగా మొదలెట్టి, ఐదు భాషల్లో నటించిన మనిషి. ఆ పాత్రల గురించి ఓ గంట చెప్పొచ్చుగా? ఒక తెలుగు ఛానెల్ విలేకరి స్నానాల తొట్టిలో దిగి, పడుకుని మరీ ఆవిడ ఎలా పోయిందో చూపించాడు. ఆ తొట్టి ఎక్కణ్ణించి తెచ్చారో, లోపలికి దిగమని ఎవరు చెప్పారో గానీ, వద్దన్నవాడు ఒక్కడూ లేడా ఆ ఆఫీసులో?

అప్పట్లో బురద పత్రికలు లేవనను. మద్రాసులో సినిమావాళ్ల గుట్లు రాసే లక్ష్మీకాంతన్‌ని 1944లో పొడిచి చంపారు. ఆ కేసులో త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్.కృష్ణన్ లాంటి తమిళ సినిమా మహామహులు జైలుకెళ్లి, 1947లో గానీ నిర్దోషులుగా బయటపడలేదు. అయితే అలాంటి రాతల్ని పెద్దల కంట పడకుండా చదివేవాళ్లు. ఇప్పుడు హాల్లో పెద్ద టీవీలో, కాఫీ తాగుతూ, ఇంటిల్లిపాదీ.

మొన్న మా మనవణ్ణడిగాను, మీ హీరో కొత్త సినిమాలో ఎలా చేశాడ్రా అని.

"సినిమా చూళ్లేదు తాతా. విడాకులు మాత్రం ఖాయమట."